కరెంటు చికిత్స పొందినవారి దవడ యెముక
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఈ శిబిరములో మీరు ఇంటి పన్నును గూర్చియు, నీటి పన్నును గూర్చియు చాలినంత వినియున్నారు. నేను గూడ పన్నును గూర్చియే చెప్పబోవుచున్నాను. అయితే ఇది పంచాయతీకి చెల్లించు పన్ను గాదు, నోటిలోని పన్ను. పంటిని గూర్చి పంచాయతీ సభ్యులకు చెప్పుటయేమని మీకు నవ్వు రావచ్చును. కొంచెము ఓపిక పట్టి వినుడని ప్రార్థన.

నోటి క్యాన్సరును, గొంతు క్యాన్సరును ఎరుగని గ్రామము నేడు మన రాష్ట్రములో అరుదు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, వీనితోపాటు సారాయి దీనికి ముఖ్య కారణములు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో నిప్పు ఉన్న కొసను నోటిలో నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు కలదు. దానివలన అంగుటికి వచ్చు క్యాన్సరును గూర్చి మన వైద్యులు చేసిన పరిశోధనలు ఇతర దేశముల వైద్య గ్రంథములకును ఎక్కినవి. ఇదంతయు మీరు ఎరిగినదే. పొగాకు మానుడని చెప్పుటకు మావంటి ప్రచారోద్యోగులు ఊరూర తిరుగుచునే యున్నారు. కాని రోగము వచ్చి, చికిత్స జరిగి, మనిషి బ్రతికి ఇంటికి వచ్చిన పిదప ఏమి జరుగునో మేము చెప్పినది మిక్కిలి తక్కువ. ఆ లోపమును నేను కన్నులార చూచిన సందర్భమొకటి కలదు.

2023లో పొగాకు వ్యతిరేక ప్రచారమునకై కనిగిరి ప్రాంతమునందలి ఒక గ్రామమునకు వెళ్లితిని. సభ ముగిసిన తరువాత టీ కొట్టు వద్ద నిలుచుండగా, అరువదేండ్లు దాటిన రైతు ఒకరు తువ్వాలుతో నోటిని కప్పుకొని దూరముగా అరుగుపై కూర్చుండుట చూచితిని. కొట్టువాడు అందరికిని గాజు గ్లాసులలో టీ ఇచ్చి, ఆయనకు మాత్రము కాగితపు కప్పులో ఇచ్చినాడు. కారణమడుగగా, "ఆయనకు క్యాన్సరు తిరగబెట్టిందండీ, నోరు వాసన" అని చెప్పినాడు.

నేను వెళ్లి ఆయన ప్రక్కన కూర్చుంటిని. 2016లో ఆయనకు బుగ్గ లోపల క్యాన్సరు వచ్చినది. శస్త్రచికిత్స చేసి, ఆపైని ఆరు వారములు కరెంటు పెట్టినారు. రోగము పోయినది. ఆరు సంవత్సరములు పొలము పని చేసికొని సుఖముగానే యున్నాడు. 2022లో క్రింది దవడపంటిలో పోటు వచ్చినది. పట్టణమునకు పోయి, చదువుకొన్న దంతవైద్యుని వద్దనే ఆ పన్ను తీయించుకొన్నాడు. ఆ గుంట మానలేదు. నెల గడిచినది, మూడు నెలలు గడిచినవి. గుంటలో తెల్లని యెముక బయటపడి నాలుకకు గరుకుగా తగులసాగినది. చీము, దుర్వాసన, చెవి వరకు లాగు నొప్పి. మొదట ఇంటివారు, తరువాత ఊరివారు, చివరకు ఆయనయు రోగము తిరిగి వచ్చినదనియే నిశ్చయించుకొన్నారు. ఇక చికిత్స యెందుకని ఇంటనే కూర్చున్నాడు.

"పంటి డాక్టరుతో కరెంటు పెట్టించుకున్న సంగతి చెప్పారా?" అని అడిగితిని.

"లేదు బాబూ. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జబ్బు పోయి ఆరేళ్లయింది గదా, మళ్లీ ఆ పేరెందుకని ఊరుకున్నాను" అని ఆయన బదులు చెప్పెను.

ఆ రెండు మాటలు నేటివరకు నా చెవులలో మెదలుచునే యున్నవి. అడుగలేదు, చెప్పలేదు. ఎవరిదని తప్పు పట్టగలము?

ఆయనకు వచ్చినది క్యాన్సరు కాదని తరువాత తేలినది. కిరణ చికిత్స వలన దవడ యెముక జీవము కోల్పోవుట ఆ బాధకు కారణము. వైద్యులు దీనిని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అందురు. పేరు పెద్దది, విషయము మాత్రము వ్యవసాయము తెలిసినవారికి సులభముగా బోధపడును.

మన గ్రామములలో కరెంటు పెట్టుట అనునది నిజమునకు విద్యుత్తు కాదు. అది కంటికి కానరాని కిరణములతో చేయు చికిత్స. నోటికి, గొంతుకు వచ్చిన క్యాన్సరులకు సాధారణముగా 60 మొదలు 70 గ్రేల మోతాదును, వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు పంచి యిత్తురు. గ్రే అనునది కిరణములను కొలుచు మానము. ఆ కిరణములు రోగకణములను చంపును. దారిలోనున్న మంచి కండ, లాలాజల గ్రంథులు, యెముక గూడ కొంత దెబ్బ తినును. యెముకలోని సన్నని రక్తనాళములు క్రమక్రమముగా పూడిపోవును. మెత్తని కండ గట్టిపడి నారవలె నగును.

కాలువ చివరి పొలమును తలచుకొనుడు. పైనుండి నీరు సన్నగిల్లినను, ఉన్న పైరు ఎట్లో నిలిచియుండును. చూచువారికి పొలము పచ్చగానే కనబడును. ఆ పొలమును దున్ని క్రొత్తగా నాట్లు వేసినచో అప్పుడు తెలియును, నీరు చాలదని. పన్ను తీయుట యెముకను దున్నుట వంటిది. గాయము మానుటకు రక్తము విశేషముగా కావలెను. ఆ రక్తము వచ్చు త్రోవలు మూసికొనిపోయియున్నవి. కావున గాయము మానదు, యెముక బయటపడును, నోటిలోని సూక్ష్మజీవులు అందులో చేరును. పై దవడకు రక్తము పలు త్రోవల వచ్చును. క్రింది దవడ యెముక గట్టిది. దానికి లోపలినుండి పోవు ప్రధాన రక్తనాళము ఒక్కటే. అందుచేతనే ఈ బాధ క్రింది దవడకు ఎక్కువగా వచ్చుచున్నది.

ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి యేమియు గాదు. కిరణముల వలన యెముకకు కలుగు మార్పులను అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ 1926లోనే వర్ణించియున్నాడు. 1983లో రాబర్ట్ మార్క్స్ అను దవడ శస్త్రవైద్యుడు, ఆ యెముకలో ప్రాణవాయువు, జీవకణములు, రక్తనాళములు మూడును తగ్గిపోవుటయే దీనికి మూలమని వివరించినాడు. కండ గట్టిపడి నారవలె నగుటయు అంతే ముఖ్యకారణమని ఆ పిమ్మటివారు చెప్పిరి.

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను, లేనిచో నా ప్రసంగము మేలుకు బదులు కీడు చేయును. కిరణ చికిత్స పొందినవారిలో ఈ బాధ వచ్చునది నూటికి కొద్దిమందికి మాత్రమే. దీనికి భయపడి కిరణ చికిత్సను మానుకొన్నచో క్యాన్సరు మనిషిని బలిగొనును. చికిత్స మానరాదు, చికిత్సకు ముందును వెనుకను పంటిని మరువరాదు.

ముందు అనగా ఏమి? కిరణ చికిత్స ఆరంభింపక పూర్వమే రోగిని దంతవైద్యునికి చూపవలెను. నిలువదగని పండ్లను అప్పుడే తీయించి, గాయము మానుటకు కనీసము రెండు వారములు గడువు ఇత్తురు. క్యాన్సరు త్వరగా పెరుగుచున్నచో గడువు విషయమున నిర్ణయము పెద్ద వైద్యులదే. మీ గ్రామమునుండి ఎవరైనను నోటి క్యాన్సరు చికిత్సకై బయలుదేరునపుడు, "పండ్లు చూపించారా?" అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ హడావిడిలో ఇంటివారికి ఇది తోచదు. ప్రాణము మీదికి వచ్చియుండగా పంటి సంగతి ఎవరికి గుర్తుండును!

వెనుక అనునది జీవితాంతము. ఇక్కడనే మనవారు పొరబడుచున్నారు. ఈ బాధ ఎక్కువగా మొదటి మూడు సంవత్సరములలో వచ్చుమాట నిజమే. అయినను పది, ఇరువది యేండ్ల తరువాత వచ్చినవారును కలరు. మూసికొనిపోయిన రక్తనాళములు కాలము గడచినకొలది వాటంతట అవి తెరచుకొనవు. ఆరేండ్లయినది గదా అని ఆ రైతు అనుకొన్నది సహజమే, కాని యెముకకు ఏండ్ల లెక్క తెలియదు.

దానికి తోడు నోరు ఎండిపోవును. లాలాజలము పంటికి కాపలాదారు. అది తగ్గినంతనే పండ్లు చిగురు మొదట పుచ్చి, అంచులు పెళుసులై విరిగిపోవును. నోరు ఎండుచున్నదని మాటిమాటికి తీపి టీ, సోడా, చక్కెర బిళ్లలు తీసికొన్నచో పుచ్చు మరింత వేగముగా వచ్చును. పుచ్చినచో పోటు వచ్చును, పోటు వచ్చినచో పన్ను తీయింతురు, తీయించినచో యెముక. ఈ వరుసను మొదటనే ఆపవలెను. మెత్తని బ్రష్షుతో దినమునకు రెండు పర్యాయములు తోముకొనవలెను. బొగ్గుపొడి, ఇటుకపొడి, చిగుళ్లను గీరు పందుంపుల్ల ఇట్టివారికి తగవు. తీపి లేని నీటిని గుక్కెడు గుక్కెడుగా త్రాగుచుండవలెను. గోరువెచ్చని నీటిలో కొంచెము ఉప్పు, కొంచెము వంటసోడా కలిపి పుక్కిలించుట మేలు. ఎక్కువ ఫ్లోరైడు గల పేస్టును గాని జెల్లును గాని వైద్యుడు వ్రాసి యిచ్చినచో ప్రతిదినము వాడవలెను.

ఫ్లోరైడు మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఆ రైతుకు ఆసుపత్రివారు చికిత్సనాడే ఫ్లోరైడు జెల్లు ఇచ్చియుండిరట. దానిపై పేరు చదివించుకొని ఆయన పారవేసినాడు. కనిగిరి ప్రాంతములో నీటిలోని ఫ్లోరైడు వలన తరములుగా పండ్లు గారపట్టి, కాళ్లు వంగి, నడుములు బిగిసినవారిని చూచినవాడు అంతకన్న ఏమి చేయును? ఆయన భయము తెలివిలేనిది కాదు. అయితే ఏండ్ల తరబడి నీటితో మ్రింగిన ఫ్లోరైడు వేరు; పంటిపై పూసి కొన్ని నిమిషముల తరువాత ఉమ్మివేయు ఫ్లోరైడు వేరు. మొదటిది యెముకను చెరచును. రెండవది మ్రింగనంతవరకు పంటిని కాపాడును. ఈ భేదమును ఆయనకు ఆనాడు ఎవరైనను తెలుగులో చెప్పియున్నచో, బహుశః ఆ పన్ను పుచ్చియే యుండదు.

పన్ను పోటు వచ్చినచో ఏమి చేయవలెను? మొట్టమొదట దంతవైద్యునితో, "నాకు ఈ ప్రక్క దవడకు కరెంటు పెట్టినారు" అని చెప్పవలెను. చికిత్సా కాగితములు చూపవలెను. ఏ భాగమునకు ఎంత మోతాదు ఇచ్చినారో అందులో నుండును. మోతాదు 60 గ్రేలు దాటిన చోట అపాయము హెచ్చు. అనేక సందర్భములలో పన్ను తీయకుండనే, వేరులోని కుళ్లును శుభ్రము చేసి మూసివేయవచ్చును. అవసరమైనచో పై భాగమును కోసి వేరును యెముకలోనే యుంచవచ్చును. తీయక తప్పనిచో, క్యాన్సరు ఆసుపత్రి వైద్యులతో సంప్రదించిన తరువాత దవడ శస్త్రవైద్యులు జాగ్రత్తతో తీయుదురు. సంతలో కుర్చీ వేసికొని పన్ను లాగువాని చేతిలో ఇట్టివారు పడరాదు. మంచి కట్టుడు పండ్లైనను, ఒరసికొని పుండు చేయుచున్నచో వెంటనే సరిచేయించవలెను.

బాధ ఆరంభమైనదని తెలియుట ఎట్లు? నోటిలో గాయము వారముల తరబడి మానదు. నాలుకకు గరుకుగా యెముక తగులును. చీము కారును. క్రింది పెదవి మొద్దుబారును. నోరు నానాటికి తక్కువగా తెరచుకొనును. సాధారణముగా మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలసిన నోటిలో రెండు గూడ పట్టవు. ముదిరినచో గడ్డము క్రిందనో బుగ్గమీదనో రంధ్రము పడును. ముద్ద నమలుచుండగా దవడ విరుగుటయు కలదు. ఇవి క్యాన్సరు తిరిగి వచ్చినపుడును కనబడవచ్చును. అందుచేత కంటితో చూచి ఇది అని గాని అది కాదని గాని ఎవరును నిర్ణయింపరాదు. ఎక్సరే, స్కాను, అవసరమైనచో బయాప్సీ చేసి వైద్యులే తేల్చవలెను.

చికిత్స కలదు. కొద్దిపాటి బాధకు నోటిని శుభ్రముగా నుంచు మందునీళ్లు, చీము పట్టినపుడు సూక్ష్మజీవనాశకములు, ఊడి వచ్చిన యెముక ముక్కలను మెల్లగా తీసివేయుట సరిపోవచ్చును. రక్తప్రసరణకు తోడ్పడు పెంటాక్సిఫిల్లిన్ అను మందును, విటమిన్ ఇ తో కలిపి నెలల తరబడి ఇత్తురు. అది అందరికి తగదు, వైద్యుడు వ్రాసిననే వాడవలెను. పీడనపు గదిలో ప్రాణవాయువును పీల్పించు చికిత్స ఒకప్పుడు గొప్పగా చెప్పబడినది. కాని పన్ను తీయుటకు ముందు వెనుకల దానిని ఇచ్చినందువలన ఈ బాధ తగ్గలేదని 2019లో బ్రిటన్ వైద్యులు ప్రకటించిరి. కావున దానికై పొలము తాకట్టు పెట్టి దూరనగరములకు పరుగెత్తుటకు ముందు తమ వైద్యుని అడుగుట మంచిది. యెముక మిక్కిలి చెడినచో ఆ భాగమును కోసివేసి, కాలి పిక్కలోని రెండు యెముకలలో సన్నదానిని రక్తనాళముతో సహా తెచ్చి దవడగా అమర్చుదురు. దవడకు ఈ పద్ధతి 1989 నుండి వాడుకలోనున్నది. ఆ సన్న యెముక పోయినను మనిషి నడువగలడు.

మందులతో తీరని కష్టము మరియొకటి కలదు. అది తిండి, దానితోపాటు నలుగురి మధ్య కూర్చుండుట. ఆ రైతు భార్య నాతో చెప్పినది: "రొట్టె లేకపోతే ముద్ద దిగని మనిషండీ. ఇప్పుడు జావ తాగి లేస్తాడు. పెళ్లికి రమ్మన్నా రాడు." జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టియు, సంకటిని పలుచగా పప్పుకట్టుతో కలిపియు, మెత్తగా ఉడికిన గ్రుడ్డు, అరటిపండు, పెరుగన్నము మొదలగు వానిని పెట్టియు బలము తగ్గకుండ చూడవలెను. కారము, పులుపు పుండ్లకు మంట పుట్టించును. పొగాకు, సారాయి పూర్తిగా మానవలెను. అవి ఇంకను మిగిలిన రక్తప్రసరణను గూడ చెరచును. నోరు తెరచు వ్యాయామమును వైద్యుడు నేర్పిన రీతిగా ప్రతిదినము చేయవలెను. యెముక బయటపడియున్నచో ముందుగా ఆయనను అడిగి చేయవలెను. ఇక ఊరివారి సంగతి: క్యాన్సరు అంటురోగము కాదు. చచ్చిన యెముక అసలే కాదు. గ్లాసు వేరు చేయవలసిన పనిలేదు.

ఇందులో పంచాయతీకి పని యేమని మీరు అడుగవచ్చును. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీల విషయములలో చేర్చబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో మీరు సభ్యులు. మీ గ్రామములో నోటికి, గొంతుకు కరెంటు పెట్టించుకొన్నవారు ఎందరో ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కార్యకర్తకు తెలియును. వారి పేర్లను గ్రామసభలో చదువవలదు. అది వారి సొంత విషయము. ఒక్కొక్కరి యింటికి వెళ్లి కాగితములు ఎక్కడ నున్నవో కనుగొనుడు. వానిని ప్లాస్టిక్కు సంచిలో భద్రపరచి, నకలు ఒకటి ఇంటిలో మరియొకరికి తెలియునట్లు ఉంచుమనుడు. చుట్టుపట్ల దంతవైద్యులకును, మందుల దుకాణములవారికిని ఈ విషయము చెవిని వేయుడు. ఆసుపత్రికి పోవుటకు తోడు లేనివారికి తోడును, బస్సు ఖర్చునకు లేనివారికి ఏదో యొక యేర్పాటును చూడుడు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడచుచున్న పథకము క్రింద ఏ చికిత్స లభించునో ఆసుపత్రిలోని పథకపు సహాయకులు చెప్పగలరు. దంతముల, దవడల చికిత్సకు విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు గలవు.

ఆ గ్రామములో ఈ పనిని చేసినది వార్డు సభ్యురాలొకతె. పదవ తరగతి వరకు చదివినది. నేను మాటలాడుచుండగా విని, మరునాడు ఆ రైతు ఇంటికి పోయి, "పెదనాన్నా, ఆసుపత్రి కాగితాలు ఎక్కడ పెట్టావు?" అని అడిగినదట. పట్టాదారు పాసుపుస్తకముతోపాటు రేకు పెట్టెలో భద్రముగానే యున్నవి. ఆమెయే వెంట పోయి చూపించినది. బయాప్సీలో క్యాన్సరు లేదని తేలినది. యెముక ముక్కలు రెండు తీసినారు, మందులు వాడించినారు. గుంట చాలవరకు పూడినది. ఒకచోట మాత్రము ఇంకను గరుకు తగులుచునే యున్నది, మూడు నెలల కొకసారి చూపించుకొనుచున్నాడు. రొట్టె నానబెట్టుకొనియే తినుచున్నాడు.

గత సంవత్సరము ఆ దారిని పోవుచు మరల ఆగితిని. టీ కొట్టులో ఆయన నలుగురితోపాటు బల్లమీదనే కూర్చుండియున్నాడు, గాజు గ్లాసే చేతిలో నున్నది. ఆ వార్డు సభ్యురాలు చెప్పినది: ఇటీవల ఎడమవైపు పన్ను ఒకటి సలుపుట మొదలైనదట. తెల్లవారకముందే ఆయన ఆమె వాకిటికి వచ్చి, "పన్ను సలుపుతా ఉందమ్మా. ఎక్కడికీ పోలేదు, కాగితాలు తీసుకొని ముందు నీ దగ్గరికే వచ్చాను" అన్నాడట.